గట్టు వేసిన మడి

గుడివాడ ప్రాంతపు రైతు క్రొత్త వంగడమును తొలిసారియే పొలమంతట ఊడ్వడు. ఒక మూల గట్టు వేసి, చిన్న మడిలో దానిని పండించి చూచును. చీడ పట్టినచో నష్టము ఆ మడి వఱకే. కంప్యూటరు పనిలోను ఈ వివేకము అవసరము.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలాది ప్రాణములను బలిగొన్నది. అట్టి సీమలో ఏ ఊరు ఎంత పల్లమున నున్నదో తెలుపు పటము ఆటవస్తువు కాదు. అటువంటి పటములను గీయుటకు క్యూజీఐఎస్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ కలదు. దాని నిర్మాణము 2002లో ఆరంభమైనది. దానికి క్రొత్త నేర్పులను చేర్చు చిన్న ప్రోగ్రాములను ప్లగిన్లు అందురు. పైథాన్ భాష నేర్చినవారెవరైనను వీనిని వ్రాయవచ్చును.

మచిలీపట్నములో ఒక విద్యార్థి, సముద్రమట్టమునకు మూడు మీటర్ల లోపు ఎత్తుగల ఊళ్ళను ఎఱ్ఱరంగున చూపు ప్లగిన్ వ్రాయుచున్నాడనుకొందము. ‘లోపు’ అనవలసినచోట పొరపాటున ‘మించి’ అని వ్రాసెనా, పల్లపుటూరు మెరకగా కనబడును. నిత్యము వాడుకలో నున్న పటముపైననే ప్రయోగము చేసినచో, ఆ తప్పుపటము ఇతరుల చేతికి పోవచ్చును.

అందుచేత శ్రోతలారా, అతడు మూడు గట్లు వేసికొనవలెను.

మొదటిది అమరికల గట్టు. 2018లో వెలువడిన మూడవ వెర్షన్ నుండి క్యూజీఐఎస్‌లో వేర్వేరు యూజర్ ప్రొఫైళ్ళను ఏర్పరచుకొనవచ్చును. ప్రయోగమునకు ప్రత్యేకముగా ఒకటి తెరచినచో, దాని ప్లగిన్లు, అమరికలు దానివే.

రెండవది లైబ్రరీల గట్టు. ప్రొఫైలు మారినను, అడుగున నుండు పైథాన్ సాధారణముగా ఒక్కటే. అందొక లైబ్రరీని మార్చినచో ఆ మార్పు అన్ని ప్రొఫైళ్ళకును సోకవచ్చును. కావున డాకర్ వంటి కంటైనరులోనో, వేరొక కంప్యూటరులోనో ప్రయోగించుట మేలు. ఏ వెర్షన్లు వాడెనో ఒక ఫైలులో వ్రాసియుంచినచో, అవనిగడ్డలోని మిత్రుడు అటువంటి మడినే తానును కట్టుకొనగలడు.

మూడవది పటముల గట్టు. పలువురు మరచునది ఇదియే. ప్రొఫైలు వేరైనంత మాత్రమున పటముల ఫైళ్ళకు రక్షణ లేదు. అసలును భద్రపరచి, నకలుపైననే పని చేయవలెను.

పిదప, ఏమియు చేర్చని క్రొత్త ప్రొఫైలులో ప్లగిన్‌ను నెలకొల్పి, ఎత్తు ముందే తెలిసిన స్థలములతో సరిచూడవలెను. రెండున్నర మీటర్ల చోటు ఎఱ్ఱబడవలెను. మూడున్నర మీటర్లది ఎఱ్ఱబడరాదు. సరిగా మూడు మీటర్లున్న చోటు ఏమగుచున్నదో తప్పక చూడవలెను. తప్పులు తరచుగా దాగునది ఆ సరిహద్దుననే.

ఇంతటి శ్రమ ఏల యని కొందరు విసుగుకొనవచ్చును. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి పటమును దిద్దుకొనుటకు ఎవరికిని తీరిక యుండదు.