పాత టేకు మంచానికి కొత్త మెరుగు



అక్కలూ, చెల్లెళ్ళూ! పెళ్ళికి పుట్టింటివారు పెట్టిన టేకు మంచమో, అద్దం బల్లో మనలో చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది. గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో ఉండే మనకు టేకు కొత్తది కాదు. గోదావరి దాటి మంచిర్యాల మీదుగా జన్నారం వైపు పోతే ఆదిలాబాద్ అడవులు, టేకుకు పెట్టింది పేరు.

కాని ఏళ్ళు గడిచేసరికి ఆ మంచం రూపే మారిపోతుంది. తలాపు పలకమీద తలనూనె మరక, అద్దం బల్లమీద చాయ్ గ్లాసు పెట్టిన తెల్లటి గుండ్రాలు, సందుసందునా బొగ్గు ధూళి. సింగరేణిలో పనిచేసి రిటైరై క్వార్టరు ఖాళీ చేసే రోజున "ఈ నల్ల మంచాన్ని ఎవరు మోస్తారు?" అని అయినకాడికి ఇచ్చేస్తాం. నిజానికి చాలావరకు నల్లబడింది పైపూత మాత్రమే. లోపలి చెక్క నిక్షేపంగానే ఉంటుంది.

ముందుగా పూత ఏదో తెలుసుకోవాలి. మంచం కోడు లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, స్పిరిట్‌లో తడిపిన దూది ఒక నిమిషం అద్దండి. పూత జిగురుగా కరిగి దూదికి అంటితే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే వార్నిషో, రంగో అయి ఉంటుంది. సన్‌మైకా అయితే దాని జోలికి పోవద్దు. ప్లైవుడ్ మీద అంటించిన టేకు పొర అయితే గట్టిగా రుద్దవద్దు. ఆ పొర చాలా పలుచన, అరిగిపోతే మళ్ళీ రాదు.

లక్క పాలిష్ అయితే మన పని సులువే. పరుపు, దిండ్లు తీసి మంచాన్ని వరండాలో వేసుకోండి. స్పిరిట్‌లో తడిపిన పాత గుడ్డతో కొంచెం కొంచెంగా తుడిస్తే పూత వచ్చేస్తుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కనుక స్టవ్, దీపం, అగరువత్తి దగ్గర లేకుండా చూసుకోండి. ఆరిన తరువాత 120 నంబరు గరుకు కాగితంతోను, ఆపైన 220 నంబరుతోను రుద్దండి. చెక్కలో గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గాట్లు పాలిష్ వేశాక మరింత బయటపడతాయి.

తెల్ల గుండ్రాలు పూతలోని చెమ్మవల్ల వచ్చినవి, పూతతోనే పోతాయి. నూనె మరకమీద సుద్దపొడిని టర్పెంటైన్‌తో ముద్దచేసి పెడితే, ఆరుతూ నూనెను పీల్చుకుంటుంది. ఇనుప మేకు చుట్టూ తడికి ఏర్పడిన నల్లమరక మాత్రం చెక్కలోకే దిగి ఉంటుంది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పని అలవాటున్న వడ్రంగికి అప్పగించడం మేలు.

ఇక వార్నిష్, రంగుల సంగతి. రంగు ఊడదీసే కొన్ని మందుల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. దాని ఆవిరి పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గనిలో దిగే మన ఇంటివారిని అడగండి, ఆ విషవాయువు ఎంతటిదో చెబుతారు. అమెరికాలో ఇళ్ళల్లో వాడే ఇలాంటి మందుల్లో దాన్ని 2019లో నిషేధించారు. తలుపులు మూసిన గదిలో దాన్ని ఎన్నడూ వాడవద్దు. పాత ఆయిల్ పెయింట్ అయితే ఇంకో ప్రమాదం, సీసం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించరాదన్న నియమం 2016లో చేశారు, 2017 నవంబరులో అమలైంది. అంతకుముందు వేసిన రంగును పొడిగా రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. గర్భవతులు, పిల్లలు ఆ చాయలకే రాకూడదు. ఆ రంగును ఊడదీయకుండా పైన కొత్త పూత వేసుకోవడమే క్షేమం.

చెక్క శుభ్రమయ్యాక పాలిష్. లీటరు స్పిరిట్‌లో 150 గ్రాముల లక్క పలుకులు రాత్రంతా నానవేసి వడగట్టండి. మన మోదుగ చెట్ల మీద కూడా పెరిగే లక్క పురుగు ఇచ్చేదే ఈ లక్క. దూది ఉండను పాత పంచెగుడ్డలో మూటకట్టి, అందులో ముంచి, ఆపకుండా పలుచగా పూయండి. ఒక్కో పూత 20 నిమిషాలు ఆరనిచ్చి, ఆరేడు పూతలు వేసుకోవచ్చు. వార్నిష్ గంటలకొద్దీ జిగురుగా ఉండి మన ఊళ్ళ బొగ్గు ధూళినంతా పట్టుకుంటుంది. లక్క త్వరగా ఆరుతుంది కనుక మనకు ఇదే అనువు. వానాకాలంలో మాత్రం వేయవద్దు, చెమ్మకు తెల్లబారుతుంది. పాలిష్ అయిన బల్లమీద సెంటు సీసా ఒలకనీయకండి, వేడి గ్లాసు నేరుగా పెట్టకండి.

ఇంకో మాట. పూత వేసేముందే కోళ్ళకూ పట్టెలకూ మధ్య సందులు లక్కా సుద్దా కలిపిన ముద్దతో పూడిస్తే నల్లులకు చోటుండదు. అవిసెనూనె వాడినవారు ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, బయట పరిచి ఆరనివ్వండి.

రెండు మూడు రోజుల ఓపిక ఉంటే చాలు. అమ్మేద్దామనుకున్న మంచమే మనవరాలి కాలానికీ పనికొస్తుంది. సెలవు.