సగం దస్తర్‌ఖాన్

(తగరపువలసలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్లపై పరచిన గుడ్డను చూసి కొందరు పిల్లలు నవ్వుకుంటున్నారు. నవ్వనివ్వండి. ఒక వైపు అంచు చక్కగా కుట్టి ఉన్నది, రెండవ వైపు కత్తిరించిన దారాలు వేలాడుతున్నాయి. ఇది మా దాదీ రంగూన్ నుండి తెచ్చిన దస్తర్‌ఖాన్. సరిగా చెప్పవలెనంటే, అందులో సగం.

మన భీమునిపట్నం రేవులో స్టీమరెక్కి రంగూన్‌కు కూలికీ, నౌకరీకీ వెళ్లిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల అనేకం. అక్కడి ఓడరేవులోనూ, బియ్యపు మిల్లుల్లోనూ తెలుగు మాట వినబడేది. అయితే ఆ బ్రతుకు నిశ్చింతగా సాగలేదు. 1930 మే నెలలో రేవు పని విషయమై మొదలైన తగాదా తెలుగు కూలీల హత్యాకాండగా మారింది. 1938 జూలైలో ఒక పుస్తకాన్ని సాకుగా చేసుకొని ముస్లింలపైనా, ఆపై భారతీయులందరిపైనా దాడులు జరిగాయి. ఆ గాయం మానకముందే యుద్ధం వచ్చింది. 1941 డిసెంబర్ 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు. వేలాది మంది దారిలోనే పోయారు.

మా దాదా, దాదీ, ముగ్గురు పిల్లలు ప్రోమ్ చేరి, అక్కడి నుండి కొండదారిన టాంగప్ వైపు నడిచారు. ఈ గుడ్డ పగలు గొడుగు, రాత్రి పక్క, అన్నం దొరికిన పూట దస్తర్‌ఖాన్. ఆ దారి పొడవునా కలరా. మూడేళ్ల మా ఫుప్పీ దాని వాత పడింది. కఫన్‌కు కొత్త గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? దాదా దీనిని మధ్యకు కోశారు. ఆ సగం బిడ్డతోపాటు కొండలోనే ఉండిపోయింది. గొయ్యి త్రవ్వి పెట్టినవాడు శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన ఒక హిందూ కూలీ. ఆయన పేరు మరచిపోయినందుకు దాదీ చివరి వరకు బాధపడేది.

అక్యాబ్ నుండి ఓడలో చిట్టగాంగ్, అక్కడి నుండి రైలులో ఇల్లు. వచ్చి స్థిమితపడకముందే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై కూడా బాంబులు పడ్డాయి. ఆ రోజుకింకా దాదీ మూట విప్పనే లేదట! తరువాత ఇంటికి వచ్చిన కోడళ్లు ఈ కోసిన అంచును మడిచి కుట్టబోతే ఆమె చేయి పట్టుకొని ఆపింది. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఒక ఆకుపచ్చ స్వెటర్ ఉన్నది. క్రిస్టీనా ఖిగెర్ అనే యూదు బాలికకు ఆమె అవ్వ అల్లినది. 1943లో నాజీలు ల్వోవ్ నగరపు యూదులను తుడిచిపెడుతున్నప్పుడు ఆ కుటుంబం మురుగు కాలువల్లో దాగింది. పద్నాలుగు నెలలపాటు ఆ పిల్లకు వెచ్చదనమిచ్చినది ఆ స్వెటరే. లియోపోల్డ్ సోఖా అనే మురుగు కార్మికుడు వారికి తిండి చేరవేశాడు. సరయేవోలో 1941లో తీసిన మరొక ఛాయాచిత్రం ఉన్నది. జైనెబా హర్దగా అనే ముస్లిం స్త్రీ తన మిత్ర కుటుంబానికి చెందిన యూదు స్త్రీ చేతిపై ఉన్న పసుపు గుర్తును తన ముసుగుతో కప్పి వీధిలో నడిపించుకొనిపోతున్నది. 1994లో సరయేవో ముట్టడిలో చిక్కుకున్న ఆ వృద్ధురాలిని బయటకు తీసుకువచ్చింది యూదులే. ఈ కథను మన మదరసాలలో చెబితే బాగుండునని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మన కష్టాన్ని వారి కష్టంతో తూచబోము. ఒక ప్రభుత్వమే ఒక జాతిని సమూలంగా చంపదలచి అరవై లక్షల మందిని చంపింది. అది వేరు. మేము చెప్పదలచినది చిన్న సంగతి. ఆ స్వెటరు ఎవరిదో, ఎవరు అల్లారో, ఎక్కడ తొడిగారో వ్రాసి ఉన్నది. మన పెట్టెల్లోని గుడ్డలకు ఒక చీటీ అయినా లేదు. నిరుడు ఈ ఊరిలోనే ఒక ఇంటివారు బర్మా నుండి వచ్చిన పట్టు లుంగీని స్టీలు సామాన్లవాడికిచ్చి బేసిన్ తీసుకున్నారు. వారిని తప్పుపట్టము. అది ఎవరిదో చెప్పే మనిషి ఆ ఇంట మిగలలేదు.

ఇందాక ఒక యువకుడు అడిగాడు: “చాచా, ఈ గుడ్డ చూపిస్తే ఆఫీసులో ధ్రువీకరణ పత్రం ఇస్తారా?” ఇవ్వరు నాయనా. దశాబ్దాలపాటు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసినవాళ్లం, మాకు తెలుసు. కాగితం లేదని ఎందరినో మేమే వెనక్కి పంపాము. అందులో మా దాదీ వంటివారు కూడా ఉండి ఉంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ ఆలోచన రాలేదు, ఇప్పుడు నిద్ర పట్టని రాత్రులలో వస్తున్నది.

ఆ మూల బల్లపై కాగితాలు, కలాలు ఉంచాము. ఇంట్లో ఉన్న పాత గుడ్డ, ఖురాన్ గలేబు, బొంత, ఏదైనా సరే, ఎవరిదో, ఏ ఊరి నుండి, ఏ ఏడు వచ్చిందో వ్రాసి ఆ గుడ్డతోపాటే ఉంచండి. ఉర్దూ రాకపోతే తెలుగులోనే వ్రాయండి. వ్రాయలేని పెద్దలు చెబితే మేము వ్రాసిపెడతాము. ఆ పని మాకు అలవాటే.