ప్రపంచీకరణ – మన గడప

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచీకరణ అనే మాట మన పత్రికల్లో 1991 తర్వాత ఎక్కువగా వినబడుతోంది. వినగానే అదేదో ఢిల్లీలోనో అమెరికాలోనో పెద్దవాళ్ళు మాట్లాడుకునే సంగతి అనుకుంటాం. కాని బందరు రేవు పక్కన బతికే మనకు ఇది ముత్తాతలనాటి సంగతే.

మన అద్దకం బట్ట ఒకప్పుడు బందరులో ఓడెక్కి పారశీక దేశం పోయేది. కలంకారీ అన్న పేరే పారశీ మాట. 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. డచ్చివారు అంతకు కొద్ది ఏళ్ళ ముందే వచ్చారు. ఈ తీరపు రంగుల బట్టమీద యూరపు జనానికి మోజు పెరిగేసరికి అక్కడి నేతవారు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఆ బట్టను నిషేధించింది. ఇంగ్లండు 1700లో తమ దేశపు వాడకానికి దిగుమతి ఆపింది. 1721లో ఒంటిమీద వేసుకోవడమే నేరం చేసింది. బందరు అద్దకంవాడు ఆ చట్టాల పేరైనా విని ఉండడు. అయినా అతని సరుకు పోయే ఒక పెద్ద తలుపు మూతపడింది. ప్రపంచీకరణ అంటే ఇదే: మన అన్నం గురించిన నిర్ణయం మనం ఎరగనిచోట జరగడం.

ఆనాడు సరుకు ఓడెక్కింది, మనిషి ఇంటిపట్టున ఉన్నాడు. ఈనాడు మనిషే విమానం ఎక్కుతున్నాడు. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫు దేశాల్లో పని పుట్టింది. తాపీమేస్త్రీలు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు మన రాష్ట్రంనుంచి వేలాదిగా పోయారు. గోదావరి జిల్లాలనుంచి, కడప వైపునుంచి ఆడవాళ్ళు కూడా ఇంటిపనికి పోతున్నారు.

దీనివల్ల మేలు జరగలేదని నేను అనను. పెంకుటిల్లు డాబా అయింది, అప్పు తీరింది, ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కింది. అయితే పంపిన డబ్బు గోడలుగా కళ్ళకు కనబడుతుంది. గడిచిన ఏళ్ళు కనబడవు. తండ్రి ఫోనులో గొంతుగానే మిగిలిన ఇళ్ళున్నాయి. బ్యాంకు పని, బడి పని, అత్తమామల మందులు, అన్నీ ఆ ఇల్లాలే చూసుకుంటుంది. బరువంతా ఆమెది, మాట చెల్లుబాటు మాత్రం ఇంకొకరిది. ఇది న్యాయమేనా? పెద్దలు ఆలోచించండి.

ఇప్పుడు కూడా నిర్ణయాలు దూరానే జరుగుతున్నాయి. 2011లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ అనే పద్ధతి పెట్టింది. ప్రతి కంపెనీలో ఇంతమంది స్వదేశీయులు ఉండి తీరాలన్నారు. 2013లో గడువిచ్చి కాగితాలు సరిచేసుకోమంటే, వేలాదిమంది భారతీయులు పెట్టె సర్దుకుని వచ్చేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు జీతం రాక, రావడానికి దారి లేక ఎందరో అల్లాడిపోయారు.

అద్దకంవాడికి ఇంగ్లండు చట్టం తెలుసుకునే దారి లేదు. మనకు ఉంది. తెలిసీ ఊరుకుంటే తప్పు మనదే అవుతుంది. కనుక నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఏజెంటు ద్వారా వెళ్తే, 1983 వలస చట్టం ప్రకారం లైసెన్సున్నవాడి ద్వారానే వెళ్ళాలి. ఆ లైసెన్సు నిజమా కాదా అన్నది ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. ఏజెంటు తన రుసుముగా 30,000 రూపాయలు, దానిమీద పన్ను, అంతకుమించి తీసుకోరాదు. రసీదు అడగండి.

రెండు: విజిట్ వీసామీద పనికి పోవద్దు. పదో తరగతి పాస్ కానివారు గల్ఫుకు పనికి పోవాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఆ వర్గంలో 30 ఏళ్ళు నిండని స్త్రీలను ఇంటిపనికి పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోదు. "అదంతా నేను చూసుకుంటా" అన్న ఏజెంటును ముందు అనుమానించండి.

మూడు: ఆ అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తుంది. ఆ పాలసీ, పాస్‌పోర్టు, ఒప్పందపత్రం నకళ్ళు ఇంట్లో ఉండాలి. అవి భార్యకు తెలిసిన చోట ఉండాలి.

నాలుగు: పంపే డబ్బు భార్య పేరుకూడా ఉన్న ఖాతాలో పడాలి. అందులో పిల్లల చదువు భాగం ముందు తీసిపెట్టి, గోడలు తర్వాత లేపండి.

ఇక సంఘానికి నా విన్నపం ఒక్కటే. ఊరు దాటిపోయిన మనవాళ్ళ పేర్లతో ఒక రిజిస్టరు పెట్టండి. వెళ్ళబోయేవాడి కాగితాలు చదివిపెట్టడానికి చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు ఆదివారం ఒక గంట కూర్చుంటే చాలు. నెలకోసారి ఆ ఇళ్ళకు మన ఆడవాళ్ళు వెళ్ళి, "ఎలా ఉన్నావమ్మా, ఏం కావాలి?" అని అడగాలి. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు, మనసు కావాలి.

ప్రపంచాన్ని మనం ఆపలేం. మన గడప దాటిన మనిషి ఒంటరి కాకుండా చూసుకోగలం.