ఫీజుతో పాటు ధైర్యమూ ఇద్దాం
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పిల్లలు డిగ్రీలు, ఇంజినీరింగులు చదువుతున్నారు. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఈ రోజు నేను చదువు మధ్యలో ఆగిపోయే పిల్లల గురించి మాట్లాడతాను. వాళ్ళందరూ డబ్బు లేకనే ఆగిపోరు. కొందరు భయంతో ఆగిపోతారు.

ఇది పిరికితనం కాదు, జబ్బు. పరీక్ష హాల్లోనో, బస్సులోనో, హాస్టల్ గదిలోనో ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందనట్టుంటుంది. చెమటలు పడతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని పానిక్ అటాక్ అంటారు. పులి ఎదురైతే పరుగెత్తడానికి మన ఒంట్లో ఊరే అడ్రినలిన్ పులి లేకుండానే ఊరుతుందన్న మాట. మామూలుగా పది నిమిషాల్లో బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. దానివల్ల ప్రాణం పోదు. అయితే మొదటిసారి వచ్చినప్పుడు గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అవి బాగున్నాయని తేలాక “నీకేం లేదు, పో” అనకూడదు. అసలు చికిత్స అక్కడే మొదలవ్వాలి.

ఎందుకంటే పెద్ద నష్టం ఆ పది నిమిషాల్లో జరగదు. మళ్ళీ వస్తుందేమోనన్న భయంతో జరుగుతుంది. బస్సులో వచ్చిందని బస్సు ఎక్కరు. క్లాసులో వచ్చిందని క్లాసుకు పోరు. హాజరు తగ్గుతుంది, పరీక్ష తప్పుతుంది.

మన పిల్లల మీద బరువు ఎక్కువ. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషు. అబ్బా గల్ఫ్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో “బాగా చదువుతున్నావా బేటా” అంటే “బాగానే ఉంది” అనే చెబుతారు, అక్కడ ఆయన గాబరా పడతారని. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీనే తీసుకోండి. పదో తరగతి కాగానే ఊరి పిల్లలు ఆరేళ్ళ చదువుకు హాస్టల్లో చేరతారు. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు వారం రోజులు బయట కూర్చుని నిరసన తెలిపారు. తమకు కావలసింది నోరు తెరిచి అడిగారు. కానీ రాత్రి ఒంటరిగా గుండె పట్టుకుని కూర్చున్న పిల్లవాడు ఏమీ అడగలేడు. వాడి తరఫున మనమే అడగాలి.

ఇంట్లో ఏమంటాం? “నమాజు సరిగ్గా చదవట్లేదు, నజర్ తగిలింది” అంటాం. నమాజు, దుఆ మనసుకు బలమే. కానీ ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు దించాడని, ముందు ఒంటెను కట్టేసి తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. డాక్టరు దగ్గరికి పోవడం ఈమాన్ తగ్గడం కాదు. వెయ్యేళ్ళకు ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఆరోగ్య గ్రంథం రాశారు. ఇంట్లో మందులు సిద్ధంగా ఉంచుకున్నట్టే, మనసుకు నెమ్మదినిచ్చే ఆలోచనలను ముందే సిద్ధం చేసుకోవాలన్నారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకూ చోటుంది. అది నడిచింది వక్ఫ్ ఆదాయంతో, అంటే మీలాంటి దాతల సొమ్ముతోనే.

నేను చదువు చెప్పిన ఒక అమ్మాయి డిగ్రీ రెండో ఏడులో ఇలాగే మూడు పరీక్షలు రాయలేకపోయింది. మార్కుల మెమో లేదని ఒక ట్రస్టు సాయం ఆపేసింది. జబ్బుకు తోడు ఫీజు భయం. చివరికి అమ్మీ తోడుగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మందులు, కౌన్సెలింగు మొదలయ్యాయి. మొదటి వారం కాలేజీ గేటు దాకా, తర్వాత లైబ్రరీ దాకా, ఆ తర్వాత క్లాసులో తలుపు పక్క బెంచీ దాకా వెళ్ళింది. దడ వచ్చినప్పుడు పారిపోకుండా, ఊపిరి మెల్లగా వదులుతూ, “ఇది వచ్చింది, పోతుంది” అనుకుంటూ కూర్చోవడం నేర్చుకుంది. ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేసింది.

ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని మనంతట మనం ఆపకూడదు. రంజాన్‌లో ఇఫ్తార్, సహరీ వేళలకు ఎలా మార్చుకోవాలో డాక్టరే చెబుతారు. దడ ఉన్నవాళ్ళు టీ, కాఫీలు తగ్గించడం, రాత్రి నిద్ర చెడగొట్టుకోకపోవడం మంచిది. ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ప్రకారం మన హక్కు. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. మన పిల్లలు చదివే కాలేజీల్లో ఉన్నారా అని అడుగుదాం.

దాతలకు నా విన్నపాలు మూడు. ఒకటి, స్కాలర్‌షిప్ పునరుద్ధరణకు మార్కుల మెమో అడిగే చోట, జబ్బు పడ్డవారికి ఒక ఏడాది గడువు ఇద్దాం. డాక్టరు చీటీ చాలు, జబ్బు పేరు కమిటీ అందరికీ చదివి వినిపించనక్కర్లేదు. రెండు, ఆసుపత్రికి పోను రాను బస్సు చార్జీలకూ మందులకూ కొంత సొమ్ము విడిగా పెడదాం. జకాత్ నుంచి ఇవ్వవచ్చా అన్నది ముఫ్తీలను అడుగుదాం. సదఖా నుంచి ఇవ్వడానికి సందేహమే అక్కర్లేదు. మూడు, అబ్బాయిల కోసం ఒక సార్, అమ్మాయిల కోసం ఒక మేడమ్ ఫోన్ ఎత్తేందుకు ఉండాలి. వాళ్ళు వైద్యం చేయనక్కర్లేదు. ఓపికగా విని, డాక్టరు దాకా తోడు వెళ్తే చాలు.

మనం ఫీజు కట్టింది ఆ పిల్లలు కాలేజీలో నిలవాలని. పరీక్ష తప్పిన రోజునే వాళ్ళకు మన అవసరం ఎక్కువ. ఆ రోజు మన చేయి వెనక్కి పోకూడదు. అల్లాహ్ మన పిల్లల మనసులకు నెమ్మదిని, దాతల సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.