పాదానికి తగిన ఇండెంటు



ఈ రోజు పట్టాలు అందుకున్న యువ వైద్యులారా, తెలుగులో మాట్లాడమని మీరే అడిగారు, సంతోషం. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. వాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. జంగ్లీఘాట్ రేవులో తెల్లవారుజామున కాసేపు నిలబడితే మా శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. 2015లో ఈ వైద్య కళాశాల మొదలయ్యేదాకా ఇక్కడి పిల్లలు డాక్టరు చదవాలంటే సముద్రం దాటాల్సిందే. మీరు ఇక్కడే చదివారు, ఇక్కడి రోగుల మంచాల పక్కనే పని నేర్చుకున్నారు. కాబట్టి ఇక్కడి రోగి కాలి గురించే మాట్లాడతాను. అందులోనూ చీలమండ నుంచి కింద ఉన్న భాగం గురించి.

నేను విశాఖలో ఎముకల శస్త్రవైద్యుణ్ని. మా దగ్గరికి వచ్చే ఇంప్లాంట్ డీలర్ల పెట్టెల్లో కొంతకాలంగా ఒక మార్పు కనిపిస్తోంది. ఇదివరకు చీలమండ విరిగిందంటే వాళ్లు తెచ్చే సామాను ఏమిటి? ఒక మిల్లీమీటరు మందం ఉండే వన్ థర్డ్ ట్యూబులర్ ప్లేట్లు, నాలుగు మిల్లీమీటర్ల క్యాన్సెలస్ స్క్రూలు, కొన్ని కె-వైర్లు, వంచడానికో శ్రావణం. పాదం ఎముకలకైతే ప్రత్యేకంగా ఏమీ ఉండేది కాదు. చేతికి వాడే ప్లేటునే సర్దుకునేవాళ్లం. ఇప్పుడు పాదానికీ చీలమండకూ విడిగా ఒక సెట్టే వస్తోంది. ఎముక ఒంపుకు తగినట్టు ముందే మలిచిన లాకింగ్ ప్లేట్లు, మడమ ప్లేట్లు, తల లేని స్క్రూలు, తాడూ బొత్తాం లాంటి సూచర్ బటన్లు. డీలర్లే కంపెనీల వెంటపడి వీటిని అడుగుతున్నారు.

ఈ గిరాకీకి కారణాలు మీకు తెలిసినవే. ఒక్క 2022లోనే మన దేశ రోడ్ల మీద 4,43,000 మందికి పైగా గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క. బండి మీద నుంచి పడ్డవాడి పాదం బండి కింద నలుగుతుంది. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. స్పర్శ తగ్గిన పాదంలో ఎముక విరిగినా తెలియదు, విరిగింది అతకడం కష్టం, పాత ప్లేటు పట్టు నిలవదు. సీటీ స్కాన్ జిల్లా ఆసుపత్రులకు చేరాక, ఒకప్పుడు బెణుకు అని పంపేసినవాటిలో కొన్ని ఎముక విరుగుళ్లని తేలుతోంది. దానికి తోడు, ఒకప్పుడు విదేశాల నుంచి వస్తేనే దొరికిన నమూనాలను ఇప్పుడు గుజరాత్, హర్యానాల్లో తయారుచేస్తున్నారు, ధర దిగింది.

ఇదంతా నేల మీద సంగతి. దీవికి వచ్చేసరికి లెక్క మారుతుంది.

ఇక్కడ పాదం విరగ్గొట్టుకునేది ఎవరు? కొబ్బరిచెట్టు, పోకచెట్టు ఎక్కి జారినవాడు మడమ మీద పడతాడు. జెట్టీకీ పడవకూ మధ్య అడుగు తప్పినవాడికి చీలమండ మెలితిరుగుతుంది. ఏడాదిలో సగానికి పైగా వాన కురిసే ఊళ్లో, ఏటవాలు రోడ్ల మీద స్కూటరు జారినవాడు ఉంటాడు. హాడో రేవులో బరువు మోసేవాడు ఉంటాడు. వీళ్లెవరూ కుర్చీలో కూర్చుని చేసే పని ఉన్నవాళ్లు కారు.

ఒకాయన గురించి చెప్తాను. పుట్టింది సోంపేట వైపు, బతుకు ఇక్కడ, చేపల వేట మీద. కుడి చీలమండ బయటి ఎముక విరిగి, కీలు కాస్త తెరుచుకుంది. చూపించుకున్న చోట తగిన ప్లేటు లేదు, వస్తుందన్నారు. పిండికట్టు వేశారు. రావలసిన సామాను వాతావరణం వల్ల ఒకసారి, సైజు తేడా వల్ల ఇంకోసారి ఆగిపోయింది. ఆరు వారాలు దాటాక ఓడెక్కి విశాఖలో ఉన్న తమ్ముడింటికి వచ్చి, అక్కణ్నుంచి మా వార్డుకు వచ్చాడు. ఎముక అతికింది. అతకకూడని చోట అతికింది. నడిపించి చూశాను, కుంటు అంతగా కనపడలేదు. "నేల మీద ఫర్వాలేదు డాక్టరు బాబూ, పడవ ఊగినప్పుడే కాలు మాట వినదు" అన్నాడు.

ఎక్స్‌రేలో చీలమండ కీలు ఎముక పక్కకు జరిగింది మిల్లీమీటరున్నర. మీ పరీక్షల్లో రాసే ఉంటారు. 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు ఆ ఎముకను ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిపి కొలిచారు. కీలులో ఎముకలు ఒకదాన్నొకటి తాకే వైశాల్యం 42 శాతం పడిపోయింది. ఒంటి బరువంతా మిగిలిన కాస్త చోటు మీద పడుతుంది, మృదులాస్థి అరుగుతుంది. మళ్లీ కోసి, ఎముకను విడదీసి సరిచేశాం. ఆయన ఇప్పుడు నడుస్తున్నాడు. లోతు వేటకు మాత్రం వెళ్లడం లేదు. వలలు బాగుచేస్తున్నాడు.

ఆ ప్లేటు ఎందుకు రాలేదు అన్నది నన్ను చాలాకాలం వదల్లేదు. డీలర్లతో కూర్చుని మాట్లాడాను. మీరూ మాట్లాడండి, అది చిన్నతనం కాదు. వాళ్లు చెప్పేది వినండి. చీలమండ ప్లేటు కుడికాలికి వేరు, ఎడమకాలికి వేరు. మూడు నాలుగు రంధ్రాల పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా అన్ని రకాలూ ఉండాలి. స్క్రూలు పది మిల్లీమీటర్ల నుంచి రెండేసి మిల్లీమీటర్ల తేడాతో వరసగా ఉండాలి. మడమ ప్లేటుకు మళ్లీ చిన్నా పెద్దా, కుడీ ఎడమా. ఇంత సరుకు ఒక ఆసుపత్రి అలమరలో పెడితే అందులో ఏడాదికి ఎన్ని ఖర్చవుతాయి? మొత్తం దీవుల జనాభా 2011లో 3,80,000. డీలరు డబ్బు అలమరలో నిద్రపోతుంది. అందుకే అతను సెట్టును చెన్నైలోనో కోల్‌కతాలోనో ఉంచి, కేసు ఉందని కబురొస్తే విమానంలో పంపుతాడు. వాతావరణం బాగాలేకపోతే పెట్టె అక్కడే ఆగిపోతుంది. మధ్యలో 1,200 కిలోమీటర్ల నీళ్లు.

ఇందులో డీలరు దుర్మార్గం ఏమీ లేదు. ఎవరూ రాసిపెట్టి చెప్పని అవసరాన్ని అతను ఊహించలేడు, అంతే. రాసి చెప్పవలసింది మనం.

పాదం గాయాల్లో మనకు కలిసొచ్చే సంగతి ఒకటి ఉంది. చీలమండ చుట్టూ కండ లేదు, ఎముక మీద నేరుగా చర్మమే. వాపు ఉండగా కోస్తే పుండు మూసుకోదు, ప్లేటు బయటపడుతుంది. చర్మం మీద సన్నటి ముడతలు తిరిగి కనిపించేదాకా ఆగుతాం. చీలమండకు వారం పది రోజులు, మడమకు రెండు వారాల దాకా పట్టవచ్చు. మూడు వారాలు దాటితే ముక్కలు కదలవు. ఆగవలసిన ఆ రోజులే మీ ఓడకు, మీ విమానానికి దొరికే గడువు. రోగి చేరిన సాయంత్రమే సీటీ చూసి, ఏ ప్లేటు, ఏ వైపు, ఎంత పొడవు అని ఇండెంటు రాసి పంపినవాడికి పెట్టె సకాలంలో అందుతుంది. వాపు తగ్గాక చూద్దాంలే అనుకున్నవాడికి అందదు.

కొత్తదల్లా తెప్పించమని నా ఉద్దేశం కాదు. మడమ విరిగినవాళ్లను బ్రిటన్‌లో రెండు గుంపులు చేసి, కొందరికి ప్లేటు వేసి, కొందరికి వేయకుండా చూశారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో మొత్తం 151 మంది. రెండేళ్ల తర్వాత నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇబ్బందులు మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లలో 23 శాతం, చేయనివాళ్లలో 4 శాతం. మరీ ఘోరంగా చితికిన మడమలను అందులో చేర్చలేదు, వాటి దారి వేరు. 60 దాటిన పెద్దవాళ్ల చీలమండల మీద 2016లో మరో పెద్ద అధ్యయనం వచ్చింది, 620 మందితో. శ్రద్ధగా ఒంటికి అంటుకునేలా వేసిన పిండికట్టు ఆరు నెలలకు ఆపరేషన్‌తో సమానంగా నిలిచింది. పిండికట్టు బాగా వేయడం మర్చిపోతున్న తరం మాది. మీరు మర్చిపోకండి. పిండి కలపడం, పొరలు వేయడం, అరచేత్తో మలచడం వార్డు పెద్ద దగ్గర నేర్చుకోండి.

మరి కొత్త సామాను ఎక్కడ కావాలి? ఇక్కడే దీవి వేరే జవాబు చెబుతుంది. కాంప్‌బెల్ బే నుంచి వచ్చిన మనిషినే తీసుకోండి. పిక్క కింద రెండు ఎముకల్నీ కట్టి ఉంచే లిగమెంట్లు తెగిపోయాయి. పాత పద్ధతిలో అడ్డంగా ఒక స్క్రూ వేస్తాం. మూడు నాలుగు నెలలకు తీయించుకోవడానికి రమ్మంటాం. అతనికి రావడమంటే ఓడలో రెండు మూడు రోజులు, పోవడం మళ్లీ అంతే, టికెట్టు దొరకాలి, తోడు మనిషి రావాలి, పని పోతుంది. సూచర్ బటన్ ధర ఎక్కువ. కానీ మామూలుగా దాన్ని తీయనక్కర్లేదు. విశాఖలో ఖరీదనిపించే వస్తువు కాంప్‌బెల్ బే మనిషికి చవక. బటన్ దొరకకపోతే కంగారు పడకండి. నొప్పి లేకుంటే స్క్రూను కూడా అలాగే వదిలేయవచ్చని 2021లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనం చెప్పింది. అందరినీ వెనక్కి రమ్మనే అలవాటును మానుకోవచ్చు.

జైపూర్ కాలు కథ ఇక్కడ గుర్తు చేయాలి. 1960ల చివర్లో పనివాడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి దాన్ని మలిచినప్పుడు, కాలు పోయిన మనిషి రోజంతా ఏం చేస్తాడన్నది ముందు చూశారు. గొంతుకూర్చుంటాడు, చెప్పులు లేకుండా పొలంలోకి దిగుతాడు, చెట్టెక్కుతాడు. బూటు వేసుకునేవాళ్ల కోసం చేసిన కృత్రిమ పాదం అతనికి పనికిరాలేదు. మన చేతికొచ్చే ప్లేట్లలో చాలావాటి నమూనాలు బూటు వేసుకునే దేశాల్లో పుట్టాయి. తడి చెక్క మీద ఉత్తకాళ్లతో నిలబడేవాడికి, గొంతుకూర్చుని చేపలు ఏరే ఆమెకు, ఏ ప్లేటు అంచు చర్మానికి ఒరుసుకుంటుందో, ఏ స్క్రూ తల గుచ్చుకుంటుందో మీ ఓపీలో మీకు తెలుస్తుంది. నమూనా గీసేవాడికి ఆ సంగతి చేరదు, మీరు చెప్తే తప్ప.

చెప్పడానికి దారులున్నాయి. పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమాన్ని 2015లో దేశంలో మొదలుపెట్టారు. ప్లేటు విరిగితే, స్క్రూ ఊడితే దాన్ని ట్రేలో పారేయకండి. కేసు షీట్లో అంటించిన స్టిక్కరు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, దాంతో సహా రాసి పంపండి. విశాఖలో 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాల్లో వైద్య పరికరాల తయారీకి నడుస్తోంది. మీ రేవు నుంచి ఓడెక్కితే చేరే ఊరు అది. మీ మాట అక్కడికి తేవడానికి నేనున్నాను.

ఇంకో మాట, కటువైనా చెప్పాలి. గిరాకీ పెరిగిన చోట డాక్టరు గదికి కానుకలు కూడా వస్తాయి. వైద్య పరికరాల అమ్మకంలో ఏవి చేయకూడదో 2024లో కేంద్రం ఒక నియమావళి ఇచ్చింది. దాన్ని చదవండి. మీ ఇండెంటులో రాసిన ప్లేటు రోగి కాలి కోసమే రాశారన్న నమ్మకం ఒకసారి పోతే, ఇంత చిన్న ఊళ్లో తిరిగి రాదు. దీవుల్లో మాట దాగదు.

స్టోరు గురించి చిన్న సంగతి, ఇది సిస్టర్లకు బాగా తెలుసు. ప్లేట్లు, స్క్రూలు చేసే స్టీలుకు ఈ ఉప్పుగాలి పెద్దగా హాని చేయదు. డ్రిల్ బిట్లు చేసే గట్టి స్టీలు అలా కాదు, తుప్పు పడుతుంది, మొద్దుబారుతుంది. మొద్దుబారిన బిట్టు ఎముకను కాలుస్తుంది. కాలిన ఎముకలో స్క్రూ పట్టు నిలవదు. లక్ష రూపాయల సెట్టు ఒక మొద్దు బిట్టు వల్ల వృథా అవుతుంది. బిట్లను ఆరబెట్టి పెట్టే సిస్టర్ మాట వినండి.

మీలో ఎవరు ఎముకల విభాగంలో చేరతారో, ఎవరు కార్ నికోబార్‌లోనో రంగత్‌లోనో ఒంటరిగా డ్యూటీ చేస్తారో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఒక రిజిస్టరు పెట్టమని అడగడానికే ఇంత దూరం వచ్చాను. పాదమో చీలమండో విరిగి వచ్చిన ప్రతి మనిషికీ ఒక వరుస. ఏ దీవి, ఏ పని, ఏ కాలు, ఎలా విరిగింది, ఏ సామాను కావాలనుకున్నాం, ఏది దొరికింది, ఎన్నాళ్లకు దొరికింది. ఏడాది తిరిగేసరికి ఏ సైజులు అలమరలో ఎప్పుడూ ఉండాలో ఆ పుస్తకమే చెబుతుంది. దాని నకలు డీలరు ముందు పెడితే, సెట్టు ఇక్కడే ఉంచడానికి అతను భయపడడు. ఆసుపత్రి కొనుగోళ్ల కమిటీ ముందు పెడితే, కాదనడానికి వాళ్లకు కారణం ఉండదు. ఇంకో నకలు నాకు పంపండి. మెడ్‌టెక్ జోన్‌లో తయారీదారులను కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.