లారీయంత్ర నిదానము



తర్కవ్యాకరణములు చదువుకొని, మూడు దశాబ్దములకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న నాబోటి వాడు లారీయంత్రమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోపవచ్చును. కల్వకుర్తిలో నా తమ్ముని కుమారునకు ఒక పాత లారీ కలదు. దానికి వచ్చిన జబ్బు నా చదువును నాచేత మఱల చదివించినది. ఆ ముచ్చటయే నేటి ప్రసంగము.

కల్వకుర్తి పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. చుట్టును మెట్టపొలములు. వానిలో పండిన పల్లికాయయు, ప్రత్తియు ఊరి మార్కెట్టునకు వచ్చును. ఆ సరకును మిల్లులకు చేర్చు కిరాయిబండ్లపై పెక్కు కుటుంబములు బ్రదుకుచున్నవి. మావాని బండియు అట్టిదే. దానిపై అప్పును కలదు, నెలనెల కిస్తును కలదు.

ఒక పల్లికాలమున ఆ బండి యంత్రము, నిలిచియున్నపుడు నిలుకడగా ఆడుట మానినది. ఆక్సిలరేటరుపై నుండి కాలు తీసినంతనే మ్రోత తగ్గును, హెచ్చును, మఱల తగ్గును. ఒక్కొక్కప్పుడు దగ్గినట్లు దగ్గి ఆగిపోవును. పరుగులో నున్నపుడు మాత్రము ఏ దోషమును కానరాదు. ఒక మేస్త్రీ ఐడిలు మరను కొంచెము త్రిప్పి వేగము పెంచెను. యంత్రము ఆగక ఆడినది. “జబ్బు కుదిరినది” అని మావానితో చెప్పినవాడను నేనే.

మూడవనాడు నిండుబస్తాలతో బండి ఎగువబాటపై వరుసలో వేచియుండగా యంత్రము ఆగిపోయెను. చోదకుడు బ్రేకు పట్టులోపల బండి మూరెడు వెనుకకు జాఱెను. వెనుక మోటారుసైకిలుపై ఒక తల్లియు బిడ్డయు నుండిరి. దైవవశమున వారు ప్రక్కకు తొలగిరి. ఆ రాత్రి మావాడు అన్నము ముట్టలేదు. మఱునాడు ఇంకొక చోట చూపగా, పంపు మొత్తము విప్పి బాగుచేయవలె ననిరి. వారు చెప్పిన సొమ్ము ఆ పంటకాలపు సంపాదనకు మించినది. “పెద్దనాయనా, బండి అమ్మివేయుదునా?” అని మావాడు నన్నడిగెను. “అమ్ముట తరువాత, మొదట రోగమేదో తెలిసికొందము” అంటిని.

వైద్యశాస్త్రమున రోగము నెఱుగుటకు అయిదు సాధనములు చెప్పబడినవి: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. వీనిలో ఉపశయమనగా, దేనిచే రోగము శమించునో దానినిబట్టి రోగకారణమును గుర్తించుట. తర్కశాస్త్రమున దీనికి సోదరులవంటివి అన్వయవ్యతిరేకములు. ఇది యున్నపుడు అది యుండును. ఇది లేనపుడు అది లేదు. పిల్లలకు పొగయు నిప్పును చూపి ఎన్నిమాఱులో చెప్పిన మాట. ఇంటిలో బండి దగ్గునపుడు నాకది జ్ఞప్తికి రాలేదు.

జడ్చర్ల బాటలో చింతచెట్టు క్రింద పనిచేయు ఒక వృద్ధ మేస్త్రీ కడకు బండిని తీసికొనిపోతిమి. ఆయన పానా ముట్టుటకు ముందు ప్రశ్నలు వేసెను. “చల్లగా నున్నపుడు హెచ్చా, కాగిన పిదప హెచ్చా? టాంకి నిండుగా నున్నపుడెట్లు, సగమునకు దిగినపుడెట్లు? ఉదయము తొలిసారి స్టార్టగుటకు ఆలస్యమగుచున్నదా?” మావాడు ఆలోచించి, టాంకి నిండుగా నున్ననాడు జబ్బు తక్కువనియు, తెల్లవాఱి స్టార్టగుటకు మొండికేయుచున్నదనియు చెప్పెను. ఆయన తల యూపెను.

ఇచట యంత్రము తీరు కొంత చెప్పవలెను. రుడాల్ఫు డీజిలను జర్మను ఇంజనీరు 1897లో నడిపి చూపిన యంత్రమునకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలి ఒత్తిడిచే మిక్కిలి కాగును; అందు పిచికారీ యైన నూనె తనంతట అంటుకొనును. నిలిచి ఆడునపుడు ప్రతి పిచికారీకి చేరునది కొలది చుక్కయే. ఆ చుక్కలో గాలిబుడగ చేరెనా, ఒక దెబ్బ తప్పును, వేగము పడిపోవును, గవర్నరు నూనె నెక్కువ పంపును, వేగము హెచ్చును. ఈ ఊగిసలాటయే మేము వినినది. పరుగులో నూనె యెక్కువ గావున ఆ కొఱత మఱుగు పడును.

మేస్త్రీ చక్రములకు రాళ్లు పెట్టించి, ఒక శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి పంపుకంటె ఎత్తున వ్రేలాడగట్టెను. టాంకి గొట్టమును విడదీసి, డబ్బా గొట్టమును ఫీడుపంపునకు తగిలించి, గాలి తీసి, యంత్రమును నడిపెను. అరగంట సేపు అది చెదరక ఆడినది. మఱల టాంకి గొట్టము తగిలింపగా ఊగిసలాట మొదలైనది. పంపు నిర్దోషి, దోషము టాంకికిని పంపునకును నడుమ నున్నదని రుజువైనది.

వెదకగా, బిగింపుపట్టీ క్రింద రబ్బరు గొట్టమునకు వెండ్రుకవంటి నెఱ్ఱె కానవచ్చెను. అచట నూనె కాఱిన జాడ లేదు. అది పీల్చు గొట్టము గావున, లోని ఒత్తిడి బయటి గాలికంటె తక్కువ. నూనె బయటికి రాదు, గాలియే లోనికి పోవును. గొట్టమును, రెండు రాగి వాషరులను మార్చి, గాలి తీసి, ఐడిలు మరను మఱల తగ్గించిరి. ఆ తరము లారీలకు నిమిషమునకు 500 మొదలు 600 చుట్లు సాధారణము. ఖర్చు ఒక పూట కిరాయికి మించలేదు.

డబ్బాతో కుదరనిచో ఏమి చేయుదురని అడిగితిని. అపుడు గాలి, నూనె ఫిల్టరులను చూచి, పిదప ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును వరుసగా కొంచెము వదలించుదు ననెను. ఏ సిలిండరుది వదలించినను మ్రోత మాఱనిచో, ఆ సిలిండరే పని మానినది. ఇదియు వ్యతిరేకమే. కాని ఆ నూనె వాతావరణపు ఒత్తిడికి సుమారు 200 రెట్ల ఒత్తిడితో వచ్చును. చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. ఎఱుగనివారు దాని జోలికి పోరాదు. 1954లో టాటావారు జర్మనీ డైమ్లరు-బెంజివారి సహకారముతో జంషెడుపురమున లారీలు చేయ నారంభించిన కాలపు యంత్రములు కొన్నిటికి గాలియీడ్పుతో పనిచేయు గవర్నరు కలదు. దానిలోని తోలుపొర ఎండి చిల్లిపడినను ఇట్టి ఊగిసలాటయే కలుగును. కావున అట్టి బండిలో ఆ పొరను పరీక్షించకయే పంపును విప్పరాదు.

శ్రోతలారా, గుఱుతు మాయుట వేఱు, రోగము పోవుట వేఱు. ఐడిలు మర వేగమును సరిదిద్దుటకే కాని దోషమును దాచుటకు కాదు. ఒకేసారి నాలుగు భాగములు మార్చినచో బండి బాగుపడవచ్చును గాని, దేనివలన బాగుపడెనో తెలియదు. మఱల చెడినపుడు మొదటినుండి వెదకవలెను. ఒకటి మార్చుడు, వినుడు. పూర్వమువలె నుంచి మఱల వినుడు.

మావాడు బండి అమ్మలేదు. ఆ యెగువబాటపై నిలుచునపుడెల్ల అద్దములో వెనుకకు చూచుచున్నాడట. నేనును నా మాటను తలచుకొనుచుందును. తర్కము చదివినవాడ నయ్యు, పరీక్షింపకయే “కుదిరినది” అంటిని.

సెలవు.