నిక్షేపగానము : అభిమాని చెల్లించు మూల్యము

(ఆదిత్యపూర్‌లోని తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సమావేశమునకై వ్రాయబడిన ప్రసంగపాఠము)



పాట వినుటకు వెల చెల్లించుట క్రొత్త సంగతి కాదు. నాటకమునకు టిక్కెట్టు, గ్రామఫోను రికార్డుకు ధర, రేడియోకు ఏటేట లైసెన్సు రుసుము - ఇవి యన్నియు తెలుగు కుటుంబములు ఎరిగినవే. ఇప్పటి ప్రశ్న కొంత భిన్నమైనది. ఒక గాయకుడో, వాద్యబృందమో లోకమునకు విడుదల చేయక పెట్టెలో దాచియుంచిన గానమును వినుటకు అభిమాని వెల చెల్లించునా? చెల్లించినచో దేనికై చెల్లించును?

ఈ ప్రశ్న తొలుత పాశ్చాత్యుల రాక్ సంగీతమునందు, అనగా ఎలెక్ట్రిక్ గిటారులు, డ్రమ్ములు ప్రధానముగా గల యువజన సంగీతమునందు పుట్టినది. ఆ సంగీతము కొందరికి రుచింపవచ్చును, కొందరికి రుచింపకపోవచ్చును. రుచి యెట్లున్నను, అక్కడ జరిగిన అనుభవము తెలుగువారికిని పనికివచ్చును. ఏలయన, దాచిన పాటలు తెలుగువారికిని కలవు.

1965లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 'గ్రేట్‌ఫుల్ డెడ్' అను బృందము వెలసినది. 1995లో ముఖ్య గాయకుడు జెర్రీ గార్సియా మరణించువరకు అది సుమారు 2,300 కచేరీలు చేసినది. ఒకనాడు పాడిన పాటను మరునాడు అదే తీరున పాడకుండుట దాని పద్ధతి. కర్ణాటక విద్వాంసుడు ఒకే తోడిరాగమును రెండు సభలలో రెండు విధముల ఆలపించునట్లు, ఆ బృందము ఒకే పాటను నిన్న ఐదు నిమిషములు, నేడు ఇరువది నిమిషములు వాయించెడిది. అందుచేత ఒక కచేరీ విన్నంత మాత్రమున తక్కినవి విన్నట్లు కాదు.

శ్రోతలు టేపుయంత్రములను వెంటగొని వచ్చి కచేరీలను తామే రికార్డు చేసుకొనసాగిరి. బృందము వారిని తరిమివేయలేదు; పైగా 1984లో వారి కొరకు సభాస్థలమున ప్రత్యేకముగా చోటు కేటాయించినది. నియమమొక్కటియే: టేపులను ఒకరికొకరు ఇచ్చుకొనవచ్చును, అమ్ముకొనరాదు.

లాభనష్టముల లెక్క తెలిసినవారు ఇది దివాలాకు దారియని తలంచుట సహజము. ఊరక దొరకుదానిని కొనువాడెవ్వడు? కాని జరిగినది వేరు. 1993లో ఆ బృందము తన భాండారమునుండి కచేరీలను విడుదల చేయ నారంభించినది. భాండారపాలకుడైన డిక్ లాట్వాలా ఏరిన కచేరీలు గనుక ఆ వరుసకు 'డిక్స్ పిక్స్' అని పేరు. 2005 నాటికి 36 సంపుటములు వెలువడినవి. 2012 నుండి 'డేవ్స్ పిక్స్' అను మరియొక వరుస ఏటికి నాలుగు చొప్పున చందాదారులకు చేరుచున్నది. 2015లో బృందము పుట్టి ఏబది యేండ్లయిన సందర్భమున, ఏడాదికొకటి చొప్పున ముప్పది కచేరీలను 80 డిస్కులలో కూర్చి, సుమారు 700 డాలర్ల వెలకు 6,500 పెట్టెలు మాత్రమే సిద్ధపరచిరి. అవి యన్నియు చెల్లిపోయినవి.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము స్పష్టమే: చెల్లించును. ఊరక దొరకు పాటకు సయితము అభిమాని వెల చెల్లించును. అయితే రెండవ ప్రశ్న మిగిలియున్నది. దేనికై?

మొదటిది ఎంపిక. రెండువేలకు పైబడిన కచేరీలలో ఏది మేలైనది? ఎవరో ఒకరు కూర్చుండి, ఓపికతో విని, తేది సరిచూచి, పాటల పట్టిక వ్రాసి, 'ఇది వినదగినది' యని చెప్పవలెను. సూచిక లేని రికార్డు గదిలో ఫైలు ఉన్నను లేనట్లేయని ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. అభిమాని ధ్వనికెంత వెల యిచ్చునో, ఆ సూచికకును అంత వెల యిచ్చును.

రెండవది నమ్మకము. బాబ్ డిలన్ అను గాయకుడు 1967లో కొందరు మిత్రులతో కలసి ఒక యింటి నేలమాళిగలో అనేక గీతములను పాడి టేపు చేసెను. అవి విడుదల కాలేదు. 1969లో వానిలో కొన్ని దొంగముద్రణగా అంగళ్లలో ప్రత్యక్షమైనవి. 1975లో కొన్నిటిని న్యాయసమ్మతముగా ప్రకటించిరి. 138 ముద్రణలతో సమగ్రమైన సంపుటము వెలువడుటకు 2014 వరకు పట్టినది. నలువదియేడేండ్లు! దొంగముద్రణలు విన్నవారే మరల దానిని కొనిరి. ఏలయన, దొంగప్రతిలో ధ్వని మసకగా నుండును, వరుస నమ్మరాదు, వెల పాడినవానికి చేరదు. న్యాయమైన ప్రతి న్యాయమైన ధరకు దొరకినప్పుడు దొంగప్రతిని కోరువారు తగ్గుదురు.

మూడవది భాగస్వామ్యము. చందా చెల్లించినవాడు తాను కేవలము కొనుగోలుదారుడనని భావింపడు. ఆ భాండారమును కాపాడువారిలో తానును ఒకడనని భావించును. కెనడా దేశమున పుట్టిన నీల్ యంగ్ అను గాయకుడు 2017 డిసెంబరులో తన జీవితకాలపు సంగీతమును ఇంటర్నెట్టునందుంచి, కొంతకాలము ఉచితముగను, పిమ్మట స్వల్పమైన చందాకును వినిపింపసాగెను. అందులో పాటలతోపాటు కాగితములు, చిత్రములు, కాలక్రమ పట్టికలు కలవు. అది అంగడి కంటె గ్రంథాలయమును ఎక్కువగా పోలియుండును.

ఇక, అభిమాని దేనికి వెల చెల్లింపడు? తాళమునకు చెల్లింపడు. 2005 నవంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ వారి తరఫున, ఇంటర్నెట్టులోని ఒక ఉచిత భాండారమునుండి ఆ బృందపు కచేరీలను దించుకొను సౌకర్యమును తొలగించిరి. అంతవరకు వేల రూకలు ఆనందముగా వెచ్చించిన అభిమానులే కోపించిరి. కొనుగోళ్లు మానెదమని సంతకములు సేకరించిరి. కొలది దినములలోనే శ్రోతలు చేసిన ముద్రణలను మరల దించుకొననిచ్చి, బృందపు సొంత ముద్రణలను వినుటకు మాత్రము అనుమతించి రాజీపడిరి. క్రొత్తగా ఇచ్చుదానికి వెల అడిగిన తప్పులేదు. పంచుకొనుడని ఇచ్చినదానిని మరల లాగుకొనుట అభిమాని సహింపడు.

మరియొక సత్యమును కూడ గమనింపవలెను. ఆ బృందమునకు అభిమానులు లక్షలకొలది. అంత వెలగల పెట్టెలు సిద్ధపరచినవి 6,500 మాత్రమే. అనగా పెద్దవెల చెల్లించువారు ఎన్నడును కొద్దిమందియే. ఆ కొద్దిమంది యిచ్చిన ధనముతో అందరి పాటయు నిలుచునట్లు ఏర్పాటు చేయుటయే భాండారపాలకుని నేర్పు. ధనము చాలక, శ్రద్ధ చాలక పోయినచో ఏమగునో 2008 జూన్ 1న కాలిఫోర్నియాలోని యూనివర్సల్ చిత్రశాలలో జరిగిన అగ్నిప్రమాదము చూపినది. అక్కడ భద్రపరచిన మూలటేపులు కాలిపోయిన సంగతి పత్రికాముఖమున విపులముగా బయటపడుటకు 2019 వరకు పట్టినది. పదునొకండేండ్లు లోకము తాను పోగొట్టుకొన్నదేమో ఎరుగకయే యుండెను.

ఇక తెలుగుదేశమునకు వత్తము. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నము వంటివారి కృషివలన ఆ కేంద్రపు ప్రాతఃకాల భక్తిరంజని ఇంటింట మేలుకొలుపైనది. ఆ కేంద్రముననే పనిచేసిన వోలేటి వేంకటేశ్వర్లు (1928-1989) విద్వాంసులు మెచ్చిన విద్వాంసుడు. అంగడిలో కొనదగిన ఆయన రికార్డులు బహుస్వల్పము. అయినను ఆయన గానము నిలిచియున్నది. ఎట్లు? రేడియోలో కచేరీ వచ్చుచుండగా ఇండ్లలో టేపు చేసుకొన్న రసికులు దానిని ఒకరినుండి యొకరు ప్రతులు తీసికొనిరి. అమెరికాలో శ్రోతలు టేపుయంత్రములతో చేసిన పనినే ఆంధ్రదేశమున రసికులు రేడియో ప్రక్కన కూర్చుండి చేసిరి. పాట లేనందున కాదు, పాటకు దారి లేనందున వారట్లు చేయవలసివచ్చెను. సరియైన సూచికతో, సరియైన ధ్వనితో ఆ కచేరీలు అమ్మకమునకు వచ్చియున్నచో వారే మొదటి కొనుగోలుదారులై యుందురు.

అయితే ఇచట ఒక భేదము కలదు. రాక్ బృందపు భాండారము దాని సొంత ఆస్తి. ఆకాశవాణి భాండారము ప్రజాధనముతో ఏర్పడినది. తపాలా కార్యాలయమున లైసెన్సు పుస్తకము చూపి రుసుము చెల్లించిన ప్రతి గృహస్థుడును దానికి ముందుగానే కొంత వెల యిచ్చినవాడే. అందుచేత అట్టి భాండారమునందు వినికిడి అందరికిని ఉచితముగ నుండుట న్యాయము. ఇంట దాచుకొనదగిన మేలుప్రతికి మితమైన వెల యుండుటయు న్యాయమే. ఈ రెండును ఇదివరకే కొంత జరిగినవి. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో ఆకాశవాణి తన నిధినుండి కొన్ని కచేరీలను డిస్కులుగా విక్రయించినది. ప్రసారభారతి ఇటీవల ఎన్నో పాత ముద్రణలను యూట్యూబునందు ఉచితముగ వినిపించుచున్నది. చేయవలసినది ఇంకను చాల కలదు. దారి మాత్రము సరియైనదే.

దాచుట మాత్రమే చాలదనుటకు తిరుమలకంటె గొప్ప సాక్ష్యము లేదు. తాళ్లపాక అన్నమాచార్యులు ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ఆయన మనుమడు చిన్నన్న వ్రాసెను. అవి రాగిరేకులపై చెక్కబడి ఆలయములోని చిన్న అరలో భద్రపరచబడినవి. ఖర్చుకు వెనుదీయని కాలమది. తాటాకు చాలునని ఊరకుండలేదు. కాని ఆ అర శతాబ్దములపాటు ఎవరికిని పట్టక యుండెను. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ రేకులను పరిశీలించి, పరిష్కరించి లోకమునకు అందించిరి. దొరకినవి సగముకంటె తక్కువ. దొరకినవానిపై రాగముల పేర్లు కలవు. పాడిన వరుసలు లేవు. రాగి మిగిలెను, రాగము పేరు మిగిలెను, పాట మిగులలేదు. నేడు వినబడు వరుసలలో అత్యధికము తరువాతి విద్వాంసులు కూర్చినవే. నోటినుండి నోటికి పోవుచుండిన పాట నిలుచును. అరలో మూసిన పాటకు అక్షరమే నిలుచును. అయినను ఆ క్రొత్త వరుసలను, ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన రికార్డులు మొదలుకొని, తెలుగువారు ఎంత ఆదరముతో కొనిరో అందరు నెరుగుదురు. అభిమాని యున్నాడా యను సందేహమునకు తావు లేదు.

ఈ మాటలు ఆదిత్యపూర్‌లో చెప్పుటకు కారణము కలదు. ఖర్కాయి నదికి ఈవల ఆదిత్యపూర్, ఆవల జంషెడ్‌పూర్. 1907లో స్థాపింపబడిన టాటావారి ఉక్కు సంస్థను ఆశ్రయించియు, రైల్వేలో, తదితర కేంద్ర ప్రభుత్వ సంస్థలలో ఉద్యోగములకై వచ్చియు తరతరములుగా తెలుగువారిచట స్థిరపడినారు. వారు తెచ్చుకొన్నది సామానే కాదు. పాటను గూడ తెచ్చుకొన్నారు. శ్రీకాకుళపు సీమ జానపదము, పౌరాణిక నాటకపద్యము, శ్రీరామనవమి భజన, పెండ్లివారి మంగళహారతి - ఇవి ఏ కంపెనీయు విడుదల చేయని పాటలు. ఏ యింటి బీరువాలోనో, పట్టుచీరల అడుగున, ఒక స్పూలు టేపో కాసెట్టో యుండును. దానిపై మామ్మగారి కంఠముండును. దానిని వినిపింపగల యంత్రము చెడిపోయి పదునైదేండ్లయి యుండును.

సాధారణమైన టేపుపై ధ్వనిని మోయునది ఐరన్ ఆక్సైడు, అనగా ఒక విధమైన ఇనుపతుప్పు పొడి. ఇనుము కరగించు ఊరివారికి తుప్పు సంగతి వేరుగ చెప్పవలెనా? ఆ పొడిని పట్టియుంచు జిగురు కాలక్రమమున బలహీనపడును. వానకాలపు తేమకు బూజు పట్టును. గ్రేట్‌ఫుల్ డెడ్ వారి భాండారమునకు కావలివారు కలరు. మామ్మగారి పాటకు కావలి ఎవరు?

సాంస్కృతిక సంఘము పూనుకొన్నచో ఇది అసాధ్యము కాదు. ముందుగా ఏ యింట ఏమున్నదో జాబితా వ్రాయవలెను. పిమ్మట పనిచేయు టేపుయంత్రము నొకదానిని సంపాదించి, కంప్యూటరునకు ప్రతి తీయవలెను; 1960లో స్థాపితమైన సాంకేతిక విద్యాసంస్థ, నేటి ఎన్.ఐ.టి., ఆదిత్యపూర్‌లోనే యుండగా చేయిసాయము చేయగల యువకులకు కొదువలేదు. ప్రతి ముద్రణకు పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము చేర్చవలెను. రేడియోనుండియో రికార్డునుండియో తీసినదైనచో 1957 నాటి కాపీరైటు చట్టమును పాటింపవలెను. పాడినవారినో, వారి వారసులనో అనుమతి అడుగవలెను. ఖర్చుకు చందా వసూలు చేయవచ్చును. చందా యిచ్చినవారికి మేలుప్రతియు, ఈయలేనివారికి వినికిడియు - ఇదియే నియమము కావలెను.

అభిమాని చెల్లించునాయని సందేహించువారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. మరణించిన తల్లి పాడిన లాలిపాట ఒక టేపుపై కలదనియు, బాగుచేసి వినిపించుటకు వేయి రూపాయలగుననియు ఏ కుమారునితోనైన చెప్పుడు. అతడు వెల విని బేరమాడడు. యంత్రము ఎప్పుడు సిద్ధమగునని అడుగును. చెల్లించువాడు ఎల్లప్పుడును కలడు. అతడు వచ్చునప్పటికి టేపు మిగిలియుండునా యనునదే అసలు ప్రశ్న.